బండివాడి ప్రశ్న

ఇటీవల ఒక కథల పోటీకి వచ్చిన కథలు చదివి మార్కులు వేసే పని నాకూ, మరి ఇద్దరు మిత్రులకూ పడింది. మొత్తం డెబ్భైమూడు కథలు. అందులో పందొమ్మిది ఎన్నికల మీద రాసినవి. వస్తువు మంచిదే, అవసరమైనదే. కాని ఆ పందొమ్మిదింటినీ వరసగా చదివాక నాకొక అనుమానం వచ్చింది. ఇవి పందొమ్మిది కథలా, ఒకే కథకు పందొమ్మిది నకళ్లా? పోలింగుకు ముందు రాత్రి వీధిలోకి ఒక మోటారు సైకిలు వస్తుంది. కవరు చేతులు మారుతుంది. కూలివాడు ఆ నోటు పట్టుకుపోయి తాగుతాడు. పెళ్లాం ఏడుస్తుంది. చదువుకున్న కుర్రవాడొకడు, సాధారణంగా రచయిత పేరుకు దగ్గరగా ఉండే పేరుగలవాడు, ఓటు విలువ గురించి రెండు పేజీలు చెబుతాడు. ఎవరూ వినరు. గెలిచిన నాయకుడు బొజ్జ నిమురుకుంటూ కారెక్కుతాడు. చివరి వాక్యంలో ప్రజాస్వామ్యం నవ్వుతుంది, లేదా ఏడుస్తుంది, లేదా ఉరి వేసుకుంటుంది.

వీటిని వెక్కిరించడానికి ఈ వ్యాసం రాయడం లేదు. రాసినవాళ్లలో చాలామంది కుర్రవాళ్లు, నిజాయితీ ఉన్నవాళ్లు. పైగా ఇందులో మా తరం తప్పు కూడా ఉంది. ఏటా జనవరి 25న ఓటర్ల దినోత్సవమని పిల్లల్ని వరసల్లో నిలబెట్టి, ఏ ప్రలోభానికీ లొంగమని ప్రతిజ్ఞ చేయించేది మేమే. ఆ ప్రతిజ్ఞలో పుచ్చుకునే చెయ్యి ఉంది. ఇచ్చే చెయ్యి లేదు. ఆ ఇచ్చే చేతికి ఎవరిచ్చారన్న ప్రసక్తి మొదలే లేదు. పిల్లవాడు పెద్దవాడై కథ రాస్తే అదే ప్రతిజ్ఞను కథగా రాస్తున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 2024 ఎన్నికల్లో ఉద్యోగుల పోస్టల్ బ్యాలెట్లకు కూడా ధర కట్టారని మన రాష్ట్రంలో పత్రికలు రాశాయి. ఎన్నికల డ్యూటీలు చేసే ఉద్యోగుల్లో మా ఉపాధ్యాయులే ఎక్కువ. కూలివాడి నోటు మీద పందొమ్మిది కథలొస్తే, మేష్టారి నోటు మీద ఒక్క కథా రాలేదు. మధ్యతరగతి రచయితకు అవినీతి ఎప్పుడూ ఎదురింట్లోనే ఉంటుంది కాబోలు.

అసలు విషయానికొస్తాను. ఎన్నికల్లో డబ్బు ప్రభావం అనగానే మన సాహిత్యం ఓటరు దగ్గర మొదలై ఓటరు దగ్గరే ఆగిపోతోంది. నా ఉద్దేశంలో ఇది వస్తువు తెలియకపోవడం వల్ల వచ్చిన లోపం కాదు, దృక్పథంలోని లోపం. డబ్బున్నవాళ్లు ప్రభుత్వాన్ని కొనడం వేరు, డబ్బులేనివాళ్లు తమకున్న ఒక్క సరుకునూ అమ్ముకోవడం వేరు. మొదటిది పరిపాలన రూపాన్నే మారుస్తుంది. రెండోది దాని తోక. మనవాళ్లు తోకను పట్టుకుని జంతువును వర్ణిస్తున్నారు.

మన సాహిత్యం మొదటినుంచీ ఇలా లేదు. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పెట్టినప్పుడు, అధికారులూ న్యాయస్థానాలూ లంచాలతో ఎలా నడుస్తున్నాయో బయటపెట్టాడు. వ్యవహార ధర్మబోధిని నాటకం వకీళ్ల బాగోతం మీదే రాశాడు. ఆయన దృష్టి నీతివాది దృష్టే, సందేహం లేదు. అయినా వేలు పైకే చూపించాడు, కిందికి కాదు.

గురజాడ దగ్గరికి వస్తే విషయం మరింత లోతుకు పోతుంది. కన్యాశుల్కంలో గిరీశం బండివాడికి నేషనల్ కాంగ్రెసు గురించి గంటల తరబడి ఉపన్యాసమిస్తాడు. అంతా విని బండివాడు అడిగేది ఒక్కటే: తమ ఊరి హెడ్డు కనిష్టీబుని కాంగ్రెసువారు ఎప్పుడు బదిలీ చేయిస్తారని. తరగతిలో ఈ ఘట్టం చెప్పేటప్పుడు మావంటివాళ్లం రెండు రకాలుగా చెబుతాం. గిరీశం డాంబికం మీద వ్యంగ్యమని ఒకటి, పాపం పల్లెటూరివాడి అమాయకత్వమని రెండోది. పిల్లలు నవ్వుతారు. నేనూ పదేళ్లు ఇలాగే చెప్పి నవ్వించాను. ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు. ఆ మొత్తం సంభాషణలో రాజకీయం తెలిసిన మనిషి బండివాడొక్కడే. గిరీశానికి రాజకీయమంటే సిద్ధాంతం. బండివాడికి రాజకీయమంటే తన మెడమీద కూర్చున్న మనిషిని కదిలించే శక్తి ఎవరి దగ్గరుందన్న ప్రశ్న. ఎవరు చెబితే ఎవరు బదిలీ అవుతారు? రాజ్యాధికారం గురించి ఇంతకంటె సూటి ప్రశ్న 1909 నాటికి తెలుగులో లేదు. ఆ తర్వాత కూడా ఎక్కువ లేవు.

ఈ ప్రశ్నను మన కాలంలోకి తెచ్చి చూడండి. 2012 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గంలో మార్పులు జరిగాయి. పెట్రోలియం శాఖ చూస్తున్న ఎస్. జైపాల్ రెడ్డిని శాస్త్ర సాంకేతిక శాఖకు మార్చారు. అప్పటికి కృష్ణా గోదావరి బేసిన్‌లో, అంటే మన కాకినాడ తీరానికి ఎదురుగా, రిలయన్స్ తీస్తున్న గ్యాసు విషయంలో ఆయన శాఖకూ ఆ కంపెనీకీ వివాదం నడుస్తోంది. ఉత్పత్తి తగ్గినందుకు వంద కోట్ల డాలర్ల ఖర్చును ఒప్పుకోమని అదే ఏడాది శాఖ నోటీసిచ్చింది. కంపెనీ అడిగిన ధర పెంపునకూ శాఖ ఒప్పుకోలేదు. మార్పునకు కారణం అదేనని ప్రతిపక్షాలన్నాయి. మామూలు మార్పేనని పాలకపక్షం అంది. కారణం ఏదైనా, 2013 జూన్‌లో గ్యాసు ధరను సుమారు రెట్టింపు చేసే సూత్రాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. బండివాడు హెడ్డు కనిష్టీబు బదిలీ గురించి అడిగాడు. అతని మునిమనమడు పెట్రోలియం మంత్రి బదిలీ గురించి అడగాలి. అడిగే కథ ఏదీ? ఆ గ్యాసు మన సముద్రం అడుగునుంచే వచ్చింది. ఆ గొట్టాలు మన కొబ్బరి తోటల కిందుగానే పోతున్నాయి. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ గొట్టం పేలి ఇరవైమందికి పైగా కాలిపోయినప్పుడు కవితలు చాలా వచ్చాయి, నేనూ ఒకటి రాశాను. ఆ కవితల్లో మంటలున్నాయి, శవాలున్నాయి, కన్నీళ్లున్నాయి. గ్యాసు ధర ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న నా కవితతో సహా ఎందులోనూ లేదు.

రావిశాస్త్రికి ఈ ప్రశ్న తెలుసు. మద్యనిషేధం అమల్లో ఉన్న కాలంలో విశాఖ కోర్టుల్లో ప్లీడరుగా తిరుగుతూ ఆయన ఆరు సారా కథలు రాశాడు. వాటిలో మాయ కథను అందరూ మెచ్చుకుంటారు కాని, దేనికి మెచ్చుకోవాలో దానికి మెచ్చుకోవడం తక్కువ. ముత్యాలమ్మ మాండలికం బాగుంది, ఉపమానాలు బాగున్నాయి అంటారు. బాగున్నాయి. కాని ఆ కథ గొప్పదనం లెక్కలో ఉంది. నిషేధం అనే చట్టం ఉంది కనక డబ్బు ఏ చేతినుంచి ఏ చేతికి, ఏ మెట్టు మీద ఎంత పోతుందో ముత్యాలమ్మకు తెలుసు. కుర్ర ప్లీడరుకు తెలియదు. చట్టాన్ని చదివినవాడికి చట్టం అర్థం కాలేదు, చట్టం కింద నలిగినదానికి అర్థమైంది. లంచం చట్టానికి అడ్డం కాదు, లంచం పుట్టడానికి చట్టమే పొలం అని ఆ కథ చూపించింది. అక్కడ దుర్మార్గుడంటూ ఒక మనిషి లేడు. ఒక వ్యవహారం ఉంది, అంతే.

అక్కడినుంచి మనం ముందుకు రావలసింది. ముత్యాలమ్మ ప్రపంచంలో డబ్బు చట్టాన్ని తప్పించుకోవడానికి చేతులు మారింది. మన కాలంలో డబ్బు చట్టాన్ని రాయించుకోవడానికి చేతులు మారుతోంది. తేడా చిన్నది కాదు. మొదటిదానికి తెలుగులో మామూలు అనే చక్కని మాట ఉంది. రెండోదానికి మాట లేదు. చందా, విరాళం, నిధి అంటున్నాం. ఈ మాటలన్నీ గుడి గోపురానికి ఇచ్చే మాటలు. మాట లేనిచోట కథ పుట్టడం కష్టమే, ఒప్పుకుంటాను. అయితే మాట పుట్టించవలసినవాడు రచయిత కాక మరెవరు?

ఇక్కడ కొంత చరిత్ర చెప్పక తప్పదు. సాహిత్య పత్రికలో ఈ లెక్కలెందుకని విసుక్కునే మిత్రులు రెండు పేజీలు ఓపిక పట్టాలి.

కంపెనీలు పార్టీలకు డబ్బివ్వడం ప్రజాస్వామ్యానికి ముప్పు తేగలదని 1957లోనే, టాటా ఉక్కు కంపెనీ కేసులో, బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా హెచ్చరించాడు. 1969లో కంపెనీ విరాళాలను నిషేధించారు. నిషేధించారు కనక ఆగిపోలేదు, నల్లడబ్బు దారి పట్టింది. 1985లో నిషేధం ఎత్తేశారు. ఈలోగా 1974 అక్టోబరు 3న సుప్రీం కోర్టు కన్వర్‌లాల్ గుప్తా కేసులో, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చును కూడా అభ్యర్థి లెక్కలోనే చూపాలని తీర్పిచ్చింది. ఆ నెల తిరక్కుండానే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, పార్టీ ఖర్చు అభ్యర్థి ఖర్చు కిందికి రాదని చట్టానికి ఒక వివరణ తగిలించింది. ఆ వివరణను 2003లో కుదించారు కాని, పార్టీ చేసే సాధారణ ప్రచారానికి నేటికీ పరిమితి లేదు. మన రాష్ట్రంలో శాసనసభ అభ్యర్థి 40 లక్షలకు మించి ఖర్చు పెట్టకూడదని 2022లో నిర్ణయించారు. ఆ అంకె చూసి ముమ్మిడివరం నియోజకవర్గంలో టీ కొట్టు దగ్గర ఎవరు నవ్వుతారో, ఎవరు నవ్వరో చెప్పనక్కరలేదు.

2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, వేదాంత గ్రూపు కంపెనీలనుంచి డబ్బు పుచ్చుకుని కాంగ్రెసూ, బీజేపీ రెండూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని తేల్చింది. రెండు పార్టీలూ బద్ధశత్రువులు కదా. ఈ విషయంలో మాత్రం ఒక్క మాటమీద నిలబడ్డాయి. 2016 ఆర్థిక చట్టంలో విదేశీ కంపెనీకి అర్థం మార్చారు, అదీ 2010 నుంచి అమలయ్యేటట్టు. అది చాలదని 2018లో ఆ తేదీని 1976కు జరిపారు. ఆ బిల్లు 2018 మార్చిలో లోకసభలో చర్చ లేకుండానే గొడవ మధ్య నెగ్గింది. ఆ గొడవ చేస్తున్నవారిలో మన తెలుగు సభ్యులూ ఉన్నారు, ప్రత్యేక హోదా కోసం అట్టలు పట్టుకుని. నాటకకర్త ఎవరైనా ఉంటే చూడవలసిన దృశ్యం ఇది. వెల్‌లో నినాదాలు. స్పీకరు బల్ల దగ్గర నలభై రెండేళ్ల వెనక్కి నడిచిపోతున్న చట్టం. ఎవరూ అటు చూడలేదు.

మా ప్రాంతంలో పాత కరణాల కథలు తెలియనివాళ్లుండరు. పాత తేదీ స్టాంపు కాగితం సంపాదించి, దాన్ని పొయ్యి మీద పొగ చూరబెట్టి, ఇరవై ఏళ్లనాటి దస్తావేజు పుట్టించే కరణం మన కథల్లో ఎన్నిసార్లు రాలేదు! అతన్ని చూసి మనం రగిలిపోయాం. కరణం వెనక తేదీ వేస్తే దొంగ దస్తావేజు. పార్లమెంటు వేస్తే సవరణ. ఈ రెండో కరణం గురించి మన కథకులు ఇంకా రాయడం మొదలుపెట్టలేదు.

ఎన్నికల బాండ్ల సంగతి పత్రికలు చదివే వాళ్లందరికీ తెలుసు కనక క్లుప్తంగా చెబుతాను. 2017లో చట్టం మార్చారు, 2018 జనవరి 2న పథకం ప్రకటించారు. ఎవరు ఎవరికిచ్చారో ప్రజలకు తెలియనక్కరలేదు. కంపెనీ తన లాభంలో ఏడున్నర శాతానికి మించి ఇవ్వకూడదన్న హద్దూ తీసేశారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీం కోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇదంతా రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. గడువు పొడిగించమని స్టేట్ బ్యాంకు అడిగితే ఒప్పుకోలేదు. మార్చిలో పేర్లు బయటికొచ్చాయి. 2019 ఏప్రిల్ నుంచి అమ్మినవే సుమారు పన్నెండు వేల కోట్లు. విలువలో తొంభై శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లే. అందరికంటె ఎక్కువ కొన్నది లాటరీ కంపెనీ, 1,368 కోట్లు. రెండోది హైదరాబాదు కంపెనీ మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. పుచ్చుకున్నవారిలో బీజేపీ 6,060 కోట్లతో అందరికంటె పైన ఉంది. బీఆర్ఎస్ 1,214, వైఎస్సార్సీపీ 337, తెలుగుదేశం 218, జనసేన 21. రెండు కమ్యూనిస్టు పార్టీలూ పుచ్చుకోలేదు, సీపీఎం కోర్టుకెక్కిన పిటిషనర్లలో ఒకటి కూడా. ఇది చెప్పుకుని మనం మరీ మురిసిపోనక్కరలేదు. అధికారానికి ఆమడ దూరంలో ఉన్నవాడికి బాండు ఇచ్చేవాడెవడు అని అడిగేవాళ్లకు మన దగ్గర సమాధానం ఉండాలి.

మేఘా కంపెనీ కాళేశ్వరంలో పెద్ద పనులు చేసింది. మా జిల్లా పక్కనే పట్టిసీమ కట్టింది. 2019లో రివర్స్ టెండర్ల తర్వాత పోలవరం ప్రాజెక్టు పనులు దానికి వచ్చాయి. (మా ఊరు ఆ పోలవరం కాదు, ఐ.పోలవరం. ప్రాజెక్టు వచ్చినప్పటినుంచీ నేను ఏ సభకెళ్లినా నిర్వాసితుల గురించి మాట్లాడమంటారు.) బాండుకూ పనికీ ముడి పెట్టడానికి నా దగ్గర రుజువు లేదు. అలాంటి ముడులను ప్రత్యేక బృందంతో విచారించాలన్న పిటిషన్లను 2024 ఆగస్టు 2న సుప్రీం కోర్టు కూడా ఒప్పుకోలేదు. కాని రుజువు లేనిచోట న్యాయస్థానం ఆగాలి, కథకుడు ఆగనక్కరలేదు. కథకుడికి కావలసింది ముద్దాయి కాదు, వ్యవహారం. తెలంగాణలో ఒక పార్టీ, ఆంధ్రలో రెండు పార్టీలు, ఢిల్లీలో మరొకటి. జెండాలు మారినా పనులు ఆగని స్థితి ఉందంటే అక్కడ నవలకు చాలినంత వస్తువుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని తెలుసు. ఇవన్నీ వ్యాసానికి పనికొస్తాయి, కథకు పనికిరావు. బాండుకు ముఖం లేదు, సవరణకు కన్నీళ్లు లేవు. ఇది మా పోటీలో తోటి న్యాయనిర్ణేత ఒకాయన నాతో అన్న మాటే. ఆయన నాకు గురువులాంటివారు, కాదనడానికి సంకోచించాను గాని, కాదనక తప్పదు. కారా మాస్టారి యజ్ఞం చూడండి. ఆ కథంతా ఒక అప్పు లెక్క. ఎప్పుడు తెచ్చాడు, ఎంత తెచ్చాడు, వడ్డీ ఎంతైంది, ఊరు బాగుపడుతున్నకొద్దీ అప్పల్రాముడు ఎందుకు చితికిపోయాడు. శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. పెద్దమనిషి, ధర్మం తప్పని మనిషి. సభ కూడా సక్రమంగానే జరిగింది. అన్నీ సక్రమంగా జరగడమే అక్కడ భయంకరం. లెక్కను చివరిదాకా ఓపికగా చెప్పినందువల్లనే చివరనున్న కత్తికి అంత పదును వచ్చింది. ఆయనదే కుట్ర కథ ఉంది. ప్రణాళికలూ, పరిశ్రమల విధానమూ అందులో వస్తువు. అది కథ కాదు, ఉపన్యాసం అన్నవాళ్లున్నారు. యజ్ఞం స్థాయిలో లేదని నేనూ అంటాను. అందులో లెక్క ఉంది గాని, లెక్క మోసే మనిషి బలంగా లేడు. అయితే వైఫల్యానికి కారణం వస్తువు పెద్దదవడం కాదు. ఆ పెద్ద వస్తువు వచ్చి తగిలే చిన్న ఇల్లు కనబడకపోవడం.

మా దగ్గర ఆ చిన్న ఇళ్లు చాలా ఉన్నాయి. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీం కోర్టు, తీరంలో పోటు రేఖకు 500 మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండకూడదని, సంప్రదాయ పద్ధతివి తప్ప ఉన్నవాటిని 1997 మార్చి 31 లోగా తీసెయ్యాలని తీర్పిచ్చింది. తాగేనీళ్లు ఉప్పవుతున్నాయని, వరిపొలాలు చెడుతున్నాయని, మడ అడవులు పోతున్నాయని ఆ తీర్పులో వివరంగా ఉంది. 1997లో ఒక బిల్లు రాజ్యసభ ముందుకు వచ్చింది. చివరికి 2005లో తీరప్రాంత జలసాగు చట్టం చేసి, తీర క్రమబద్ధీకరణ నిబంధనలు చెరువులకు వర్తించవన్నారు. ఎప్పటినుంచి? ఆ నిబంధనలు పుట్టిన 1991 ఫిబ్రవరి 19 నుంచే. పొగ చూరిన స్టాంపు కాగితం మళ్లీ వచ్చింది.

దీని వెనక ఉన్నవాళ్లు ఎవరు? ఎగుమతిదార్లు, మేత కంపెనీలు, హేచరీలు అని చెప్పి ఊరుకుంటే మన పాత కథే అవుతుంది. మా మండలంలో ఎకరం, రెండెకరాల చెరువు లీజుకు తీసుకున్నవాళ్లున్నారు. గిట్టుబాటు కాక 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించిన కోనసీమ రైతుకు చెరువు ఒక దారిగా కనిపించిందంటే తప్పుపట్టగలమా? 2019లో యూనిటు కరెంటు రూపాయిన్నరకు ఇస్తామంటే అందులో సంతోషించినవాళ్లు పెద్దవాళ్లొక్కరే కాదు. చెరువుగట్టు మీద రాత్రి కాపలా కాసేవాడి కొడుకు నా తరగతిలోనే ఉన్నాడు. చెరువు పోతే వాడి బడి పోతుంది. చెరువు ఉంటే వాడి ఇంటి పక్క బోరు ఉప్పు నీళ్లిస్తుంది. స్వప్రయోజన వర్గం అని మనం సులువుగా అనేస్తాం. ఆ వర్గంలో మేత కంపెనీ యజమానీ, ఈ కాపలావాడూ ఒకే జెండా కింద నిలబడతారు, ఒకే వినతిపత్రం మీద ఒకడు సంతకం, ఒకడు వేలిముద్ర వేస్తారు. ఆ ఇద్దర్నీ ఒకచోట నిలబెడుతున్నది ఏమిటో విప్పి చెప్పడమే అభ్యుదయ రచయిత పని. నాయకుడి బొజ్జ వర్ణించడం కాదు.

సారా వ్యతిరేక ఉద్యమం ఈ పని కొంత చేసింది. దూబగుంట ఆడవాళ్లు తాగే మగణ్ణి తిట్టి ఊరుకోలేదు. వేలంపాట ఎవరు పాడుతున్నాడు, ఖజానాకు ఎంత వస్తోంది, వారుణి వాహిని పేరుతో ప్యాకెట్లు ఎవరు పంపుతున్నారు అని అడిగారు. ఆ పాటల్లో, ఆ కథల్లో కంట్రాక్టరూ, మంత్రీ, ఖజానా ఒకే వాక్యంలోకి వచ్చాయి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఎందుకు పోయిందో రాసిన కథ నాకు కనబడలేదు. రావడం మీద రాసినవాళ్లు పోవడం మీద ఎందుకు రాయలేదు?

ఇప్పుడు ఆ డెబ్భైమూడు కథల్లో మిగిలిన ఒకదాని గురించి చెప్పాలి. ఇది ఎన్నికల కథల లెక్కలోకి మేము చేర్చలేదు, ఎందుచేతనంటే అందులో పోలింగు లేదు. రాసినది డిగ్రీ చదువుతున్న అమ్మాయి. తండ్రికి రెండెకరాల లీజు చెరువు. ఎన్నికలకు రెండు నెలల ముందు చెరువు రైతుల సమావేశం జరుగుతుంది. ఎకరానికి ఇంతని వసూలు చేసి అభ్యర్థికి ఇవ్వాలని తీర్మానం. ఎవరూ బెదిరించరు. పెద్ద చెరువులవాళ్లు నవ్వుతూనే మాట్లాడతారు. "కరెంటు రేటు పెరిగితే ఎవరికండీ నష్టం? మనకేగా. మనోడొకడు అక్కడుండాలి గదండీ, ఆయ్," అంటాడొకడు. తండ్రి దగ్గర డబ్బు లేదు, మేత అప్పు మీద తెస్తున్నాడు. ఆ మేత కొట్టులోనే మరికొంత అప్పు తీసుకుని చందా కడతాడు. రాత్రి ఇంటికొచ్చి చెరువు లెక్కల పుస్తకం తీసి సీడు, మేత, సున్నం, ఏరేటరు రిపేరు అని రాసుకున్న వరసలోనే, కింద ఇంకో గీతగా చందా అని రాసి అంకె వేస్తాడు. కూతురు చూస్తుంది. "ఇదేంటి నాన్నా, ఇది చెరువు ఖర్చా?" అంటుంది. "మరి కాదంటావేంటమ్మా?" అంటాడు తండ్రి.

ఈ ఒక్క జవాబులో మొత్తం విషయం ఉంది. కోటి రూపాయల బాండు కొన్న కంపెనీ గుమాస్తా కూడా ఆ అంకెను ఏదో ఒక ఖర్చు పద్దు కిందే రాసి ఉంటాడు. అతనూ దాన్ని లంచమనుకుని ఉండడు. రెండు పుస్తకాల్లోనూ పద్దు ఒకటే. తేడా ఏమిటంటే, ఒక పుస్తకంలో ఆ పద్దు కింద తర్వాత రాబడి వస్తుంది, రెండో పుస్తకంలో వడ్డీ వస్తుంది. ఆ అమ్మాయి ఈ మాట కథలో ఎక్కడా చెప్పలేదు. చెప్పకుండా మేత కొట్టులో అప్పు తీయించి చూపించింది. చందా పోయేది ఎక్కడికో, దానిమీద వడ్డీ పోయేది ఎక్కడికో పాఠకుడే కలుపుకుంటాడు.

ఈ కథకు ముగ్గురం కలిసి వేసిన మార్కులు నూటికి నలభై ఒకటి. సందేశం స్పష్టంగా లేదని ఒకరు, ఎవరిమీద కోపగించుకోవాలో పాఠకుడికి తెలియడం లేదని ఒకరు రాశారు. తండ్రి పాత్ర పట్ల రచయిత్రి వైఖరి అనిర్దిష్టంగా ఉందని రాసినవాణ్ణి నేను. ఆ మాట ఇప్పుడు చదువుకుంటే సిగ్గుగా ఉంది. మొదటి బహుమతి మోటారు సైకిలు కథల్లో ఒకదానికి వెళ్లింది. ఫలితాలు ప్రకటించేశారు, మార్చడానికి వీల్లేదు.

కథలో లోపం లేదని కాదు. సమావేశం ఘట్టం మరీ పొడుగు. పెద్ద చెరువులవాళ్లు ముగ్గురూ ఒకే గొంతుతో మాట్లాడతారు. మేత కొట్టు యజమానికి రెండు వాక్యాలే ఇచ్చింది, అతను ఇంకా కావాలి. అన్నింటికంటె పెద్ద లోపం ముగింపు. తండ్రి నిద్రపోయాక కూతురు లేచి లెక్కల పుస్తకంలో ఆ పేజీ చింపేస్తుంది. ఇది మేము నేర్పిన అలవాటే. చివర ఏదో ఒకటి చింపకపోతే, తగలబెట్టకపోతే, పిడికిలి బిగించకపోతే అభ్యుదయ కథ కాదని మేమే చెప్పి ఉంటాం. ఆ పేజీ చింపితే చందా ఒక్కటే పోదు, మేత అప్పూ సున్నం లెక్కా కూడా పోతాయి. పొద్దున్న లేచి ఆయన కొట్టువాడికి ఏం చూపిస్తాడు? పోయిన వారం ఆమెకు ఉత్తరం రాశాను. మార్కుల సంగతి దాచలేదు. మేత కొట్టు పెంచమని, ఆ పేజీ మాత్రం పుస్తకంలోనే ఉంచమని రాశాను.